దుర్గాపూర్ తెలుగు, సైప్రస్ అరబ్బీ

మహారాష్ట్రలోని చంద్రపూర్ పట్టణాన్ని ఆనుకుని, తాడోబా అడవికి వెళ్లే దారిలో ఉంటుంది దుర్గాపూర్. ఒక పక్క వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వారి ఓపెన్‌కాస్టు గని, ఇంకో పక్క సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. దుర్గాపూర్, ఘుగ్గుస్, బల్లార్‌పూర్ లాంటి ఊళ్లకు గని పనికో కాగితం మిల్లు పనికో వచ్చి స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజారులో హిందీ. ఇలా సొంత రాష్ట్రం గీత దాటి బతుకుతున్న తెలుగు ఇంకెన్నాళ్లు ఉంటుందన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే మనం సాధారణంగా తమిళనాడు వైపో, కర్ణాటక వైపో చూస్తాం. అరబ్బీ వైపు చూడం. ఆ భాషకు మనతో చుట్టరికం లేదు కనుక దానితో పోల్చడం విద్వాంసుల పని అనుకుంటాం. కానీ ఒక భాష తన నేల విడిచి పరాయి రాజ్యాల్లో, పరాయి బడుల మధ్య ఉండాల్సి వస్తే ఏమవుతుందో చెప్పగల అనుభవం అరబ్బీకి ఉన్నంతగా చాలా తక్కువ భాషలకు ఉంది. ఒకచోట అది కొత్త జాతీయ భాషగా ఎదిగింది, ఒకచోట ప్రాణాపాయంలో పడింది, మరోచోట గ్రంథాల్లో నిలిచి నోళ్లలోంచి జారిపోయింది. ఈ మూడు గతులనూ దుర్గాపూర్ తెలుగు పక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే తోస్తోంది. ఇంటి మాటకు దాని సొంత అక్షరం దొరకకపోవడమే పొలిమేర భాషకు అసలు ముప్పు. పరభాషా పదాల కలగలుపు గురించి మనం పడే దిగులు దాని ముందు చాలా చిన్నది.

ముందు రెండు భాషల నిర్మాణం చూద్దాం. అరబ్బీ మాట మూడు హల్లుల మీద నిలుస్తుంది. క-త-బ అనే మూడు హల్లుల మధ్య అచ్చులు మారుతుంటే కితాబ్ పుస్తకమవుతుంది, కాతిబ్ రాసేవాడవుతాడు, మక్తూబ్ రాయబడినదవుతుంది, మక్తబా గ్రంథాలయమవుతుంది. తెలుగు పద్ధతి వేరు. ధాతువు దాదాపుగా కదలదు, దాని వెనక ప్రత్యయాలు వరస కడతాయి. రాయి, రాయించు, రాయించలేకపోయాడు, రాయించలేకపోయాడేమో. అరబ్బీలో అర్థం మాట కడుపులో మారుతుంది, తెలుగులో తోకలో పెరుగుతుంది. లిపులు కూడా ఈ స్వభావాలకు తగ్గట్టే ఉన్నాయి. అరబ్బీ రాతలో పొట్టి అచ్చుల గుర్తులు ఖురాన్‌లోనూ పిల్లల పుస్తకాల్లోనూ తప్ప పెద్దగా కనిపించవు. హల్లులు చూసి అచ్చులను చదివేవాడే పూరించుకోవాలి. తెలుగు లిపి అలా అచ్చులను దాచుకోదు. గుణింతం వచ్చినవాడు ఎదుటివాడి నోట విన్నది దాదాపు విన్నట్టే రాయగలడు.

ఈ లిపి తేడాకు నేను చాలా విలువ ఇస్తాను, ఎందుకంటే వాదనంతా చివరికి దీని మీదే నిలుస్తుంది. కలం అనే మాట మనకు అరబ్బీ నుంచే వచ్చింది. దాన్ని కైరో నగరవాసి మొదటి హల్లు మింగేసి అలమ్ అంటాడు, గల్ఫ్‌లో గలమ్ అంటారు, రాసేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకటే రాస్తారు. అరబ్బీ లిపి యాసలను కప్పుతుంది. మొరాకో నుంచి ఇరాక్ దాకా ఒకే వార్తాపత్రికను చదవగలిగేలా చేసింది ఆ కప్పే గుణమూ, దాని వెనకున్న ఫుస్‌హా అనే గ్రంథభాషా. తెలుగు లిపి యాసలను విప్పి చూపిస్తుంది. పోతున్నాను అనేవాడికీ పోతున్న అనేవాడికీ అది వేర్వేరు అక్షర రూపాలు ఇస్తుంది. ఇది ఐక్యతకు అడ్డమని వాదించవచ్చు. నాకు మాత్రం ఇదే దుర్గాపూర్‌కు పనికొచ్చే బలం అనిపిస్తుంది.

దుర్గాపూర్ తెలుగు గురించి మాట్లాడగానే వినిపించే మాట ఒకటుంది. అది మరాఠీ, హిందీ కలిసిపోయిన తెలుగు, దాన్ని కాపాడి ఏం లాభం అని. ఈ మాటకు జవాబు మన తాలూకా ఆఫీసులోనే ఉంది. తాలూకా, జిల్లా, తహసీలు, హక్కు, వసూలు, జమ, బాకీ, అమలు, దాఖలు, రద్దు, వకీలు, తారీఖు, అసలు, నకలు, ఆఖరికి రైతు కూడా అరబ్బీ మూలం నుంచి పారసీకం గుండా, దక్కనీ పాలకుల కచేరీల గుండా మనదాకా వచ్చినవే. అరబ్బులు తమ భాషకే ప్రత్యేకమని చెప్పుకునే దాద్ అనే అక్షరం పారసీకుల నోట జకారంగా మారి, మన దగ్గర జిల్లాలోనూ హాజరులోనూ జప్తులోనూ మాజీలోనూ కూర్చుంది. ఇన్ని మాటలు వచ్చాయి గానీ, మాటలు కట్టే అరబ్బీ పద్ధతి రాలేదు. హక్కు హక్కులైంది, హక్కుదారుడైంది. వసూలు వసూలుచేయించారు దాకా పోయింది. మూడు హల్లుల లెక్క మన వ్యాకరణంలోకి ఒక్క అడుగు కూడా వేయలేకపోయింది. వచ్చిన ప్రతి మాటకూ మన ప్రత్యయం తగిలించుకుని పనిలో పెట్టుకున్నాం. మరాఠీ కూడా ఈ మాటల్లో చాలావాటిని అలాగే తీసుకుంది. కాబట్టి చంద్రపూర్ కచేరీలో మరాఠీవాడూ తెలుగువాడూ వాడే పనిమాటల్లో ఎన్నో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన అరబ్బీ సొత్తే. గోల్కొండ కాలం నుంచి ఇన్ని వందల మాటలు జీర్ణించుకున్న భాష, గని కాలనీలో నాలుగు మరాఠీ మాటలు కలిసినంత మాత్రాన చెడిపోతుందనడం దాని శక్తిని తక్కువ చేయడమే.

మరి అరబ్బీ బతుకులో అసలు సమస్య ఏది? 1959లో చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త ఒక వ్యాసం రాశారు. ఒకే సమాజంలో ఇంటి భాష ఒకటి, గౌరవభాష ఇంకొకటి ఉండి, రెండూ ఒకే భాషగా చలామణీ అయ్యే స్థితిని అందులో విశ్లేషించారు. ఆయన ఎంచుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. అరబ్ పిల్లవాడు ఇంట్లో తన ఊరి ఆమ్మియా, అంటే వాడుక మాట, మాట్లాడతాడు, బడికెళ్లాక ఫుస్‌హాను దాదాపు రెండో భాషలా నేర్చుకుంటాడు. కైరోలో 1932లో మొదలైన అరబ్బీ భాషా అకాడమీ గానీ, 1973లో ఐక్యరాజ్యసమితి అధికార భాష హోదా గానీ ఆ దూరాన్ని తగ్గించలేదు. మనకూ సరిగ్గా ఇదే చిక్కు ఉండేది. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చాక బడి తెలుగు కట్టుబాట్లు మరింత బిగుసుకున్నాయి, పిల్లల నోటి తెలుగు ఆ గడప బయటే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు లాంటి వాళ్లు ఆ గడప విరగ్గొట్టడానికి జీవితాలు పెట్టారు. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవడానికి గిడుగు పోయాక కూడా దశాబ్దాలు పట్టింది గానీ, చివరికి అరబ్ ప్రపంచం ఇప్పటికీ తేల్చుకోలేని తగవును తెలుగువాళ్లు ఒక శతాబ్దం తిరక్కుండానే తేల్చుకున్నారు. ఇది చిన్న విజయం కాదు, దీని గురించి మనం చెప్పుకోవాల్సినంత చెప్పుకోవడం లేదు.

గిడుగు జీవితంలో దుర్గాపూర్‌కు నేరుగా తగిలే విషయం ఇంకోటుంది. ఆయన పనిచేసిన పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రంలోకి పోయింది. ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. అంటే వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడు పొలిమేర మనిషి. పైగా తెలుగు ఒక్కదానికే కాక, అప్పటికి రాత లేని సవర భాషకూ వాచకాలు, నిఘంటువు, వ్యాకరణం తయారుచేసిన మనిషి. ఎవరి నోటి మాటకు వాళ్ల అక్షరం అందాలన్నదే ఆయన రెండు పనుల వెనకా ఉన్న సూత్రం. వ్యావహారికవాదాన్ని మనం కోస్తా తీరంలో గ్రాంథికం మీద గెలుపుగా పాఠం చెప్పుకుంటాం. ఆ సూత్రం ఇంకా చాలా దూరం పోవాల్సి ఉంది, ప్రాణహిత నది అవతలికి కూడా.

ఇప్పుడు అరబ్బీ మూడు గతులకు వద్దాం. మధ్యధరా సముద్రంలో సైప్రస్ దీవి ఉంది. కొన్ని వందల ఏళ్ల కిందట లెవంట్ ప్రాంతం (లెబనాన్, సిరియా వైపు) నుంచి వలస వచ్చిన మరోనైట్ క్రైస్తవులు అక్కడ కోర్మకిటిస్ అనే ఊళ్లో అరబ్బీ మాట్లాడుతూ నిలిచారు. చుట్టూ గ్రీకు. బడి గ్రీకులో. వాళ్ల అరబ్బీకి రాత లేదు, ఫుస్‌హాతో సంబంధం ఎప్పుడో తెగిపోయింది. ఊరు ఊరుగా ఉన్నంతకాలం నోటి మాటే దాన్ని మోసింది. 1974లో దీవి రెండు ముక్కలై, జనం చెదిరి దక్షిణాన పట్నాలకు చేరాక పిల్లలు గ్రీకులోకి జారిపోయారు. ఇవాళ ఆ భాషను యునెస్కో తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటిలో లెక్కపెడుతోంది. దానికి ఒక వర్ణమాల సిద్ధమైంది, 2008లో సైప్రస్ ప్రభుత్వం మైనారిటీ భాషగా గుర్తించింది కూడా. చాలా ఆలస్యమైంది. అదే సముద్రంలో మాల్టా దీవిది మరో కథ. అక్కడి భాష కూడా సిసిలీ అరబ్బీ నుంచి పుట్టిందే, అదీ క్రైస్తవుల భాషే, ఫుస్‌హాతో దానికీ బంధం తెగింది. దాని పదజాలంలో సగానికి పైగా ఇటలీ, సిసిలీ నుంచి వచ్చిన మాటలే. కలగలుపు లెక్కన చూస్తే ఎప్పుడో పోవాలి. కానీ 1920లో రచయితలు ఒక సంఘం పెట్టుకుని తమ నోటి మాటకు లాటిన్ అక్షరాలతో స్థిరమైన రాత తయారుచేశారు. 1934లో దానికి అధికార హోదా వచ్చింది, 2004లో యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటైంది. మాల్టా ఒక దేశం, కోర్మకిటిస్ ఒక ఊరు. ఈ బలాబలాల తేడా నిజమే, దాన్ని దాటవేయను. అయితే మాల్టా దేశం కాకముందు, ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడే ఆ రాత స్థిరపడింది. అక్షరం ముందు వచ్చింది, రాజ్యం తర్వాత వచ్చింది.

మూడో గతికి దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోనే బార్కస్ ఉంది. నిజాం సైన్యం కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. అదే నగరంలో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబ్బీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి అచ్చువేసి ప్రపంచ పండితుల మన్నన పొందింది. ఖురాన్ ఇళ్లలో ఉంది, అక్షరాలు పిల్లలకు నేర్పారు. అయినా బార్కస్ ఇళ్లలో రోజువారీ మాట చాలామటుకు ఉర్దూ అయిపోయింది. నేర్పిన అక్షరం గ్రంథానిది, ఇంట్లో వాడిన మాట హద్రమౌత్‌ది, ఆ రెండూ ఒకదాన్నొకటి మోయలేదు. అరబ్బీకి మతం అండ ఉంది కాబట్టి నిలిచింది, తెలుగుకు అలాంటి అండ లేదు కనుక పోలిక చెల్లదు అనేవాళ్లకు బార్కసే జవాబు. మతం గ్రంథాన్ని కాపాడింది, మాటను కాపాడలేకపోయింది. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటలకు వలసపోయిన మారిషస్ తెలుగువాళ్ల అనుభవం కూడా దీనికి దగ్గరలోనే ఉంది. ఆంధ్ర మహాసభ ఉంది, బడుల్లో తెలుగు పాఠం ఉంది, పండగలు ఘనంగా జరుగుతాయి, ఇంటి మాట మాత్రం ఎక్కువమందికి క్రియోల్.

కోర్మకిటిస్‌లో అక్షరం లేని మాట, బార్కస్‌లో మాటకు దూరమైన అక్షరం, మాల్టాలో మాటకు పుట్టిన అక్షరం. దుర్గాపూర్ ఇప్పుడు కోర్మకిటిస్ దశలో ఉంది. ఇది ఇల్లు వదిలి ఎక్కడికో పోయిన వలస కాదని ముందు గుర్తుపెట్టుకోవాలి. వార్ధా లోయ నుంచి ప్రాణహిత, గోదావరి లోయల వెంట బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం మీదుగా కొత్తగూడెం దాకా పరుచుకున్నది ఒకే గోండ్వానా బొగ్గు పట్టీ. 1929లో కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పూర్తయి ఉత్తర, దక్షిణాలు కలిసినప్పటి నుంచీ ఆ పట్టీ వెంట జనం అటూ ఇటూ కదులుతూనే ఉన్నారు. ఇప్పటి చంద్రపూర్ జిల్లాలోని రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. సిరోంచ తెలుగు ఊరు, 1982లో గడ్చిరోలి జిల్లా విడిపోయేదాకా చంద్రపూర్ జిల్లాలోనిదే. బల్లార్‌పూర్ ఊరి స్టేషన్ బల్లార్షాలో రైలెక్కి విరూర్ దాటితే సిర్పూర్, కాగజ్‌నగర్. ఇంత దగ్గర ఉన్నవాళ్లకు భాష ఎలా పోతుంది అని అడగవచ్చు. కోర్మకిటిస్ నుంచి లెబనాన్ తీరం కూడా పెద్ద దూరమేమీ కాదు. దూరాన్ని కొలవాల్సింది మైళ్లలో కాదు, బడిలో. 1973లో బొగ్గు గనులు జాతీయం అయినప్పుడు పనిలో ఉన్న తరంలో, తెలంగాణ పల్లెల్లో నాలుగు తరగతులు చదివి వచ్చినవాళ్లు తెలుగు చదవగలిగేవాళ్లు. వాళ్ల మనవల చదువంతా దేవనాగరిలో సాగుతోంది.

సినిమా ఉంది, టీవీ ఉంది, ఫోన్లో తెలుగు వీడియోలకు కొదవ లేదు, వినికిడి చాలదా అనేది బలమైన అభ్యంతరమే. వినికిడి భాషను ఒక తరం పాటు పట్టి ఉంచుతుంది, అది నిజం. కానీ విన్న భాషలో తిరిగి పని చేయాలంటే, అర్జీ రాయాలంటే, ఉత్తరం చదవాలంటే, అక్కకు మెసేజ్ పెట్టాలంటే ఏ అక్షరం చేతికొస్తే భాష ఆ వైపే ఒరుగుతుంది. అరబ్ యువత లాటిన్ అక్షరాల్లో, అక్షరం దొరకని ధ్వనులకు 3, 7 అంకెలు పెట్టి తమ యాసలు రాసుకుంటున్నారు. ఫుస్‌హా అక్షరం వాళ్ల ఇంటి మాటకు సరిగా అమరకపోవడం కూడా ఆ తంటాకు ఒక కారణం. మనకు ఆ ఇబ్బంది లేదు. మన గుణింతం ఆదిలాబాద్ యాసనూ చంద్రపూర్ యాసనూ దాదాపు ఒక్క ధ్వని పోకుండా పట్టుకుంటుంది. చేతిలో ఉన్న సౌకర్యాన్ని పిల్లలకు అందించకపోవడమే మన తప్పు.

పిల్లలకు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు ఉండగా నాలుగో భారం ఎందుకన్నది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, దాన్ని కొట్టిపారేయకూడదు. మహారాష్ట్రలో బతికేవాళ్లకు మరాఠీ అన్నం పెట్టే భాష. 2020 చట్టం ప్రకారం అక్కడి బడుల్లో అది తప్పనిసరి, ఉండాల్సిందే. తెలుగు కోరడం మరాఠీని తోసిపుచ్చడం కాదు. నేను అడుగుతున్నది తెలుగు మాధ్యమం కూడా కాదు. ఇంట్లో ఇప్పటికే వచ్చిన భాషకు అక్షరాలు నేర్పడం కొత్త భాష నేర్పడంతో సమానం కాదు. మాట వచ్చిన పిల్లవాడికి వర్ణమాల, గుణింతం, ఒత్తులు నేర్పడానికి కొన్ని నెలలు శ్రద్ధగా చెబితే చాలు. దేవనాగరి గుణింతం వచ్చిన పిల్లవాడికి ఇంకా తేలిక, ఎందుకంటే రెండు లిపుల తర్కం ఒకటే. అ, ఆ, ఇ, ఈ వరస అతనికి ముందే తెలుసు. ఎక్కువగా అక్షరాల ఆకారాలే కొత్త. అరబ్ పిల్లవాడు ఫుస్‌హా కోసం మోసే బరువు ముందు ఇది లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి మిగిలి ఉంది. ఇవాళ పుస్తకాల్లో కనిపించే ప్రామాణిక తెలుగు కృష్ణా తీరపు పలుకు మీద నిలిచింది, దుర్గాపూర్ పిల్లవాడికి అదీ ఒక ఫుస్‌హాయే కదా అని. అవును. ఈ విమర్శను తెలంగాణ రచయితలు ఎన్నో ఏళ్లుగా చేశారు, వాళ్లు చేసింది సరైన పని. దుర్గాపూర్‌కు కోస్తా వాచకాన్ని పంపితే బార్కస్ పొరపాటే మళ్లీ చేసినట్టు. అక్కడి మొదటి వాచకం అక్కడి తెలుగులోనే ఉండాలి. బొగ్గు బాయి, షిఫ్టు, మస్టరు, ఎరై నది, తాడోబా పులి అందులో ఉండాలి. ఇంట్లో అమ్మ అనే క్రియారూపమే అచ్చులో కనిపించాలి. కలిసిన మరాఠీ మాటలను ఏరి పారేయనక్కర్లేదు, పక్కనే ప్రామాణిక రూపం కూడా మెల్లగా పరిచయం చేయవచ్చు. ముందు తన మాట అచ్చులో చూసుకున్నవాడికి తర్వాత విశ్వనాథ రచనలైనా వట్టికోట రచనలైనా అందకుండా పోవు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. బృహన్ముంబయి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడుపుతోంది, సోలాపూర్‌లో నేత కుటుంబాల తెలుగుకు బడి దొరికింది. చంద్రపూర్ గని ఊళ్ల తెలుగువాళ్లు అడగాల్సింది అంతకన్నా చిన్నది: ఉన్న బడిలోనే, ఉన్న మరాఠీ పక్కనే, వారానికి కొన్ని పీరియడ్లు, ఒక ఉపాధ్యాయుడు, తమ యాసలో ఒక వాచకం. తెలంగాణ సాహిత్య సంస్థలు ఆ వాచకం రాయించి పంపగలవు. కావాల్సిన సంఖ్యను 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తేల్చింది. మాతృభాషలో పాఠం కోరడానికి బడి మొత్తంలో 40 మంది పిల్లలు, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే చాలు. దుర్గాపూర్ కాలనీల్లో మొదట చేయాల్సిన పని ఇంటింటికీ తిరిగి ఆ పదిమంది పేర్లు ఒక కాగితం మీద రాయడం.